పదునుండగానే పత్తి వాడిపోతోంది, నీళ్లలో నిలబడ్డ మొక్కకు దూప ఎందుకు?

చండూరు_రేగడి | సెప్టెంబర్ 9, ఉదయం 6:52

అందరికీ నమస్కారం. నల్లగొండ జిల్లా చండూరు పక్కన మాకు నాలుగెకరాల పత్తి ఉంది. రెండున్నర ఎకరాలు నల్లరేగడి, మిగతాది ఎర్ర చెలక. ఇరవై రెండు రోజులు చుక్క వాన లేదు. మొన్న రాత్రి ఒక్కసారిగా దంచికొట్టింది, తెల్లారి చూస్తే సాళ్లల్లో నీళ్లు నిలబడి ఉన్నాయి. మొక్క దూప మీద ఉంది, చెట్టుకు ముప్పై నలభై కాయలున్నాయి కాబట్టి ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. నిన్న ఎండ గట్టిగా కాసింది. మధ్యాహ్నం మూడింటికి పోయి చూస్తే రేగడిలో అక్కడొకటి ఇక్కడొకటి మొక్కలు తలలు వేలాడేశాయి. గెట్టు నుంచి గెట్టు దాకా తిరిగి లెక్కపెట్టాను, 64 మొక్కలు. ఆకు పచ్చగానే ఉంది కానీ పిండి ఆరేసిన తడిగుడ్డ లెక్క వేలాడుతోంది. పక్క మొక్కకేమో ఏమీ కాలేదు. చెలకలో ఒక్కటీ వాడలేదు.

మందుల షాపులో అడిగితే వేరుకుళ్లు అని మూడు డబ్బాలు చేతిలో పెట్టారు, 2,850 రూపాయలైంది. ఇంకా కొట్టలేదు. కొట్టే ముందు తెలిసినవాళ్లను ఒక మాట అడుగుదామని ఇక్కడ రాస్తున్నాను. భూమి నిండా నీళ్లుంటే మొక్క ఎందుకు వాడాలి? రాత్రంతా ఇదే టెన్షన్.

మిద్దెతోట_పాలమూరు | సెప్టెంబర్ 9, ఉదయం 7:20

అన్నా, మా మిద్దె మీద సొరపాదు కూడా ఇట్లనే చేస్తుంది. కుండీలో తడి ఉంటుంది, మధ్యాహ్నం ఆకులన్నీ వేలాడతాయి. నేను మళ్లీ రెండు చెంబులు పోస్తాను. మీకు వచ్చే జవాబు కోసం నేను కూడా చూస్తుంటాను.

పాత_ఏఈఓ | సెప్టెంబర్ 9, ఉదయం 7:41

తమ్ముడూ, నేను ఇదివరకు వ్యవసాయ విస్తరణ అధికారిగా (ఏఈఓ) చేశాను. ఆ డబ్బాల మూతలు తీయకు. ముందు రెండు పనులు చెయ్యి. వాడిన మొక్కను ఒకదాన్ని మొదలు దగ్గర మట్టి తవ్వి వేరుతో సహా తీయి. వేరు తోలు చేతికి ఊడివస్తుందా, కుళ్లు వాసన ఉందా చూడు. తర్వాత కాండాన్ని కత్తితో నిలువుగా చీల్చు, లోపల గోధుమ రంగు గీత ఉందో, తెల్లగా ఉందో చెప్పు. వీలైతే ఫోటో పెట్టు. రోగమా కాదా అన్నది అక్కడే తేలిపోతుంది.

చండూరు_రేగడి | సెప్టెంబర్ 9, ఉదయం 9:15

సార్, తీసి చూశాను. తల్లివేరు గట్టిగానే ఉంది, తోలు ఊడలేదు. కాండం లోపల తెల్లగా, ముల్లంగి కోసినట్టు శుభ్రంగా ఉంది. మట్టి మాత్రం పైన నాలుగు వేళ్ల లోతు దాటితే జిగటగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగుకాలువ వాసన వస్తోంది. చెలకలో కూడా ఒక మొక్క దగ్గర తవ్వాను, అక్కడ మట్టి పొడిపొడిగా రాలుతోంది, వానకు పుట్టే మంచి వాసనే ఉంది. నెట్ సరిగ్గా లేక ఫోటోలు పోవడం లేదు.

పాత_ఏఈఓ | సెప్టెంబర్ 9, ఉదయం 9:38

అయితే ఇది తెగులు కాదు. దీన్ని పారావిల్ట్ అంటారు, తెలుగులో ఆకస్మిక వడలు తెగులు అని రాస్తారు కానీ ఇందులో శిలీంధ్రమూ లేదు, బ్యాక్టీరియా లేదు, పక్క మొక్కకు అంటుకోదు. చాలా రోజుల బెట్ట తర్వాత ఒక్కసారిగా పెద్ద వాన పడటమో, నీళ్లు ఎక్కువ పెట్టడమో జరిగి, ఆ వెంటనే ఎండ కాస్తే వస్తుంది. అది కూడా బాగా ఎదిగి, కాయ బరువు ఎక్కువున్న మొక్కలకే ముందు వస్తుంది. నువ్వు లెక్కపెట్టిన 64 మొక్కలు ఎట్లాంటివో ఒకసారి గుర్తు చేసుకో, నీ పొలంలో ముద్దుగా కనపడేవే అయి ఉంటాయి.

ఇప్పుడు చేయాల్సింది. ఒకటి, నీళ్లు బయటికి పంపు, పల్లం వైపు కాలువ తీయి. ఇది అన్నిటికంటే ముఖ్యం, మిగతావి దీని తర్వాతే. రెండు, లీటరు నీటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ రెండున్నర గ్రాములు, యూరియా 20 గ్రాములు కలిపి వాడిన మొక్కల మొదళ్లు తడిసేటట్టు పొయ్యి. ఆకుల మీద కాదు, మొదట్లో. మూడు, పదును ఆరగానే గుంటక తోలు, గాలి లోపలికి పోవాలి. వాడడం మొదలైన కొద్ది గంటల్లోనే చూస్తే కోబాల్ట్ క్లోరైడ్ లీటరుకు 10 మిల్లీగ్రాముల లెక్కన ఆకుల మీద పిచికారీ చేయమంటారు, నీకు అప్పుడే దాదాపు ఒక రోజు గడిచింది కాబట్టి దాని కోసం తిరగకు. కాలువ తీయడానికి ఇప్పుడే మనిషిని పెట్టుకో.

చండూరు_రేగడి | సెప్టెంబర్ 9, ఉదయం 9:50

అవును సార్, అన్నీ దిట్టమైన చెట్లే. అదే ఎక్కువ బాధ. కాలువ తీయడానికి పోతున్నాను. కానీ ఎందుకో మాత్రం ఎవరైనా చెప్పండి, తెలియకపోతే వచ్చే ఏడు కూడా ఇదే అవుతుంది.

వేరులోతు | సెప్టెంబర్ 9, మధ్యాహ్నం 1:10

అన్నా, నేను మొక్కల శరీరధర్మశాస్త్రంలో పీజీ చేస్తున్నాను, మాది నాగర్‌కర్నూల్ జిల్లా. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలే దానికి ఆధారం. వాన దంచికొడితే ఆ సందులన్నీ నీళ్లతో నిండుతాయి. నీళ్లలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. రేగడి మట్టి రేణువులు సన్నం, నీరు దిగదు, అందుకే మీకు మురుగు వాసన వచ్చింది. చెలకలో నీరు దిగిపోయింది, గాలి మళ్లీ వచ్చింది. మీ రెండు పొలాల తేడా అదే.

ఆక్సిజన్ అందకపోతే వేరు కణం లోపల ఆమ్లగుణం పెరుగుతుంది. ఇక్కడే అసలు సంగతి. వేరు కణాల పొరలో నీళ్లు రావడానికి చిన్న చిన్న దారులుంటాయి, ఆక్వాపోరిన్లు అంటారు, నీళ్లు మాత్రమే పట్టే సన్నటి గొట్టాల వంటి ప్రొటీన్లు అవి. జీవకణాల్లో ఇట్లాంటి దారులున్నాయని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. కణంలో ఆమ్లగుణం పెరిగితే ఆ దారులు మూసుకుంటాయి. చుట్టూ నీళ్లున్నాయి, తలుపులు మూసి ఉన్నాయి. పైన ఎండకు ఆకులు నీటిని వదులుతూనే ఉన్నాయి, కింది నుంచి రావడం ఆగింది. పెద్ద చెట్టు, ఎక్కువ ఆకు, ఎక్కువ కాయ అంటే నీటి ఖర్చు ఎక్కువ, అందుకే దిట్టమైనవే ముందు పడ్డాయి.

రెండోది, వేరు పైకి కబురు పంపుతుంది. గాలి ఆడని వేరులో ఏసీసీ అనే పదార్థం తయారై నీటితోపాటు ఆకుల దాకా ఎక్కుతుంది. అది ఇథిలీన్ అనే వాయువుగా మారాలంటే ఆక్సిజన్ కావాలి, వేరు దగ్గర అది లేదు, ఆకు దగ్గర బోలెడంత ఉంది. అందుకని వాయువు తయారయ్యేది ఆకులో. ఇథిలీన్ అంటే కాయల్ని మాగబెట్టేదే. అది ఆకు కాడ పైభాగాన్ని కిందిభాగం కంటే ఎక్కువ పెరిగేలా చేస్తుంది, కాడ కిందికి వంగుతుంది, పూత, పిందె రాలతాయి. సార్ చెప్పిన కోబాల్ట్ సరిగ్గా ఆ ఏసీసీ ఇథిలీన్‌గా మారే చోట అడ్డం పడుతుంది. ఆలస్యమైతే ఎందుకు పని చేయదో ఇప్పుడు అర్థమవుతుంది, అప్పటికే ఇథిలీన్ తయారైపోయి ఉంటుంది.

బత్తాయి_తోట | సెప్టెంబర్ 9, సాయంత్రం 5:33

చెల్లె చాలా బాగా చెప్పింది. నాకో అనుమానం. వరి నెలల తరబడి నీళ్లలోనే ఉంటుంది కదా, దానికి ఈ బాధ ఎందుకు లేదు?

వేరులోతు | సెప్టెంబర్ 9, సాయంత్రం 6:05

వరి వేరును అడ్డంగా కోసి చూస్తే లోపల గాలి గదులు కనబడతాయి, తామరతూడులో ఉన్నట్టే. ఆకు నుంచి వేరు కొస దాకా గాలి దిగుతుంది. పత్తికి ఆ ఏర్పాటు చాలదు. అయితే మొక్క మొత్తం మునిగిపోతే వరి కూడా రెండు వారాలు బతకడం కష్టం. ఒడిశా వరి రకం ఎఫ్ఆర్ 13ఏలో సబ్1ఏ అనే జన్యువు దొరికింది. అది ఉన్న మొక్క మునిగితే కంగారుపడి పొడుగు పెరగదు, ఉన్న శక్తిని దాచుకుని కదలకుండా ఉంటుంది, నీళ్లు తీయగానే లేస్తుంది. దాన్ని మనవాళ్లు ఇష్టంగా వేసే స్వర్ణ వరి రకంలోకి తెచ్చి 2009లో స్వర్ణ సబ్1 విడుదల చేశారు.

బయాలజీ_కల్వకుర్తి | సెప్టెంబర్ 9, రాత్రి 8:47

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. పైన మిద్దెతోట మేడమ్ అడిగిన దాంట్లో మంచి పాఠం ఉంది.

మేము తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేస్తాం, రూపాయి ఖర్చు ఉండదు, రంగులేని నెయిల్ పాలిష్ ఒకటి చాలు. రెండు మందార కుండీలు తీసుకుని ఒకదానికి రోజూ నీళ్లు పోస్తాం, రెండోదానికి ఐదారు రోజులు బంద్. పొద్దున పదింటికి రెండింటి ఆకుల అడుగున నెయిల్ పాలిష్ రాసి, ఆరాక సెల్లోటేపుతో పొరలా లేపి గాజు పలక మీద అతికించి మైక్రోస్కోపులో చూపిస్తాం. నీళ్లు పోసిన ఆకులో పత్రరంధ్రాలు సగం తెరిచిన పెదవుల్లా ఉంటాయి. ఎండబెట్టిన ఆకులో ఆ పెదవులు బిగుసుకుని సన్న గీతలుగా ఉంటాయి. పోయినేడు ఒక అమ్మాయి చూసి "సార్, దీనికి ఎవరు చెప్పారు మూసుకోమని?" అంది. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నాను, ఇంత మంచి ప్రశ్న నాకు రాలేదు.

చెప్పేది ఆబ్సిసిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్. దాని కథ పత్తితోనే ముడిపడి ఉంది. 1963లో అమెరికాలో అడికాట్ బృందం పత్తి పిందెలు ఎందుకు రాలుతున్నాయో వెతుకుతూ లేత పత్తి కాయల నుంచే దాన్ని వేరు చేసింది. రాలడాన్ని ఇంగ్లీషులో అబ్సిషన్ అంటారు, రాలడానికి అదే కారణమనుకుని అలాంటి పేరు పెట్టారు. తర్వాత తేలిందేమంటే రాలడంలో ముఖ్యపాత్ర ఇథిలీన్‌దే, ఈ ఆమ్లం అసలు పని నీటి ఎద్దడిని తట్టుకునేలా చేయడం. అది అందగానే పత్రరంధ్రం పక్కనున్న రెండు రక్షక కణాల్లోంచి పొటాషియం బయటికి పోతుంది, వెంట నీరు పోతుంది, గాలి తీసిన ట్యూబుల్లా కణాలు మెత్తబడి రంధ్రం మూసుకుంటుంది. నీళ్లు మిగులుతాయి, కానీ గాలి లోపలికి రాదు కాబట్టి ఆహారం తయారీ కూడా తగ్గుతుంది. ఏ మొక్కకైనా బెట్టలో ఉండే ఇరకాటం ఇదే.

మేడమ్, మీ సొరపాదు మధ్యాహ్నం వాడితే భయపడకండి. వెడల్పు ఆకులు నీరు వదిలే వేగాన్ని వేరు అందుకోలేదు, అంతే. తెల్లవారుజామున లేచి చూడండి. ఆకు నిటారుగా ఉంటే నీళ్లు అక్కర్లేదు. తెల్లవారినా వాడే ఉంటే వేలు మట్టిలో పెట్టి చూడండి. పొడిగా ఉంటే దూప, తడిగా ఉంటే ఊపిరాడటం లేదు.

మిద్దెతోట_పాలమూరు | సెప్టెంబర్ 10, ఉదయం 5:58

సార్, ఇప్పుడే మిద్దె మీద నుంచి రాస్తున్నాను. ఆకులన్నీ నిలబడి ఉన్నాయి! కుండీ అడుగున రంధ్రం చూస్తే మట్టితో పూడిపోయింది. పుల్లతో పొడిస్తే నల్లటి నీళ్లు కారాయి. నెల రోజుల నుంచి రోజూ రెండుసార్లు పోస్తున్నాను, పాపం దానికి అంత ఇబ్బంది పెట్టానని ఇప్పుడు తెలిసింది.

బత్తాయి_తోట | సెప్టెంబర్ 10, ఉదయం 8:30

బెట్ట గురించి మాట వచ్చింది కాబట్టి మా అనుభవం చెప్తాను. బత్తాయిలో మేమే కావాలని చెట్టును ఎండబెడతాం. కాపు అయ్యాక నీళ్లు బంద్ చేస్తే చెట్టు కొత్త చిగురు వేయడం ఆపుతుంది, ఆకు మెరుపు పోయి కొద్దిగా ముడుచుకుంటుంది. అప్పుడు ఎరువు వేసి నీళ్లు వదిలితే తోటంతా ఒక్కసారిగా పూతకొస్తుంది, ఆ వాసనకు దారిన పోయేవాళ్లు ఆగిపోతారు. మా నాన్న ఆకును అరచేతిలో పెట్టి నలిపి, ఆ మోత విని ఇంక చాలు, తూము ఎత్తండి అనేవాడు.

నేను మాత్రం ఆరేళ్ల కింద తప్పు చేశాను. బోరు కాలిపోయింది, కరెంటు సరిగ్గా లేదు, ఎలాగూ బెట్టకు వదిలాం కదా ఇంకో పది రోజులు ఏమవుతుందిలే అనుకున్నాను. కొమ్మలు చివరల నుంచి ఎండటం మొదలైంది. తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా పదకొండు చెట్లు తేరుకోలేదు. మా నాన్న నాటిన చెట్లు అవి. బెట్ట ఎంతవరకు మేలు, ఎక్కడ దాటితే చావు అనేది క్యాలెండర్ చూసి చెప్పలేం, నేల బట్టి, ఎండ బట్టి, చెట్టు వయసు బట్టి మారుతుంది. రోజూ తోటలోకి పోవాల్సిందే.

పాత_ఏఈఓ | సెప్టెంబర్ 10, ఉదయం 10:12

వేరుశనగలో కూడా ఇదే. యాసంగిలో విత్తిన తర్వాత మొలక తడి ఇచ్చి, ఇరవై ఇరవై ఐదు రోజుల దాకా నీళ్లు పెట్టొద్దని ఊరూరా తిరిగి చెప్పేవాళ్లం. వనపర్తి, అచ్చంపేట వైపు రైతులు మొదట్లో ఒప్పుకునేవారు కాదు, మొక్క నల్లబడుతోంది సార్ అనేవారు. బెట్టలో పైపెరుగుదల ఆగుతుంది కానీ వేరు ఆగదు, తడిని వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. తర్వాత తడి ఇస్తే పూత కూడా ఒకేసారి వస్తుంది, ఊడలు, అంటే పూత నుంచి మట్టిలోకి దిగి కాయ పట్టేవి, ఒకేసారి దిగుతాయి. కానీ పూతకొచ్చాక, ఊడలు దిగేటప్పుడు బెట్ట రానిస్తే మాత్రం దిగుబడి పోయినట్టే.

ఆముదం చూడండి, పాలమూరు, నల్లగొండ చెలకలు దానికి పుట్టినిల్లు లాంటివి. కాండం మీద తెల్లటి బూడిద పూత ఉంటుంది, గోటితో గీస్తే రాలుతుంది. అది మైనం. ఎండను వెనక్కి కొడుతుంది, నీరు పోకుండా ఆపుతుంది. ఎండలు ముదిరితే మాత్రం ఆముదం గెలలో మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి, గెల నిండా కాయ పట్టదు. పాలెం పరిశోధన స్థానం నుంచి క్రాంతి వంటి రకాలు వచ్చాక మన రైతులకు కొంత నిలదొక్కుకునే వీలు కలిగింది.

గొర్లకాపరి_దేవరకొండ | సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 12:40

అందరూ పంట గురించే చెప్తున్నారు, పశువుల సంగతి కూడా చెప్పాలి. వానలు మొఖం చాటేసినప్పుడు మోకాలెత్తు లేత జొన్నలో పశువును వదలొద్దు. మా పాలివాళ్ల బర్రె పోయినేడు అట్లనే పోయింది. గట్టున కట్టేసిన బర్రె తాడు తెంపుకుని జొన్నలో పడింది, పావుగంట మేసిందో లేదో, నోట్లో నురగ, కాళ్లు కొట్టుకుంది, డాక్టర్ వచ్చేలోపే ప్రాణం పోయింది. మంచి వానలున్నప్పుడు అదే జొన్న మేసి ఏమీ కాలేదు. మా ముసలాయన బెట్టకొచ్చిన లేత జొన్న విషమని ఎప్పుడూ అనేవాడు, ఎందుకో మాకు తెలియదు.

వేరులోతు | సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 2:25

చాలా బాధగా ఉందన్నా. తాత చెప్పింది అక్షరాలా నిజం. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. మామూలుగా అది ఆకులో ఒక చోట, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకో చోట ఉంటాయి. పశువు నమిలినప్పుడు రెండూ కలిసి సైనైడ్ పుడుతుంది. జొన్నకు అది పురుగుల నుంచి, మేసే జంతువుల నుంచి కాపలా. బెట్టలో పెరుగుదల ఆగిన లేత మొక్కలో అది బాగా పోగవుతుంది. కోసిన మోడు నుంచి వచ్చే లేత పిలకల్లోనూ ఎక్కువే. పూత దశ దాటిన చొప్పలో ప్రమాదం తగ్గుతుంది, బాగా ఎండబెట్టిన చొప్పలో ఇంకా తగ్గుతుంది. పొరపాటున మేస్తే నిమిషాలు కూడా ముఖ్యం, పశువుల డాక్టర్ దగ్గర సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ ఉంటుంది. అందరూ మీ ఊరి గ్రూపుల్లో ఇది పంచుకోండి.

చండూరు_రేగడి | సెప్టెంబర్ 10, రాత్రి 9:05

నిన్న ఇద్దరం కలిసి కాలువ తీశాం, సాయంత్రానికి సాళ్లల్లో నీళ్లు పోయాయి. ఈ రోజు పొద్దున బిందెతో మొదళ్లకు మందు పోశాను, చెట్టుకు లీటరు దాకా పోశాను. ఇప్పుడైతే పెద్ద మార్పు లేదు, ఆకులు కొద్దిగా బిగిసినట్టు అనిపిస్తోంది.

ఇంకో మాట. మా చిన్నోడు ఫోన్లో వీడియో చూపించి, నీళ్లు లేకపోతే మొక్కలు ఏడుస్తాయట, శాస్త్రవేత్తలు రికార్డు చేశారట నాన్నా అన్నాడు. నిజమేనా? వాడు పొలానికి వచ్చి చెవి పెట్టి వింటున్నాడు.

బయాలజీ_కల్వకుర్తి | సెప్టెంబర్ 10, రాత్రి 9:40

బాబుకు నా తరఫున శెభాష్ చెప్పండి. సగం నిజం. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో ప్రచురించారు. టమాట, పొగాకు మొక్కల దగ్గర మైక్రోఫోన్లు పెడితే, ఎండబెట్టినవీ కాండం కోసినవీ గంటకు ముప్పై నుంచి యాభై దాకా టక్‌టక్ శబ్దాలు చేశాయి, బాగున్న మొక్కలు గంటకు ఒకటి కూడా చేయలేదు. మన చెవి పట్టే హద్దు కంటే రెండు మూడు రెట్లు పై స్థాయి శబ్దాలవి, అందుకే బాబుకు వినబడదు. నీళ్లు ఎక్కే సన్నటి గొట్టాల్లో లాగుడు ఎక్కువై గాలి బుడగలు పగలడం వల్ల ఆ చప్పుడు వస్తుండవచ్చని వాళ్లు అన్నారు. ఏడవడం అనే మాట మాత్రం వీడియో వాళ్లు కలిపింది.

కానీ మొక్కలో కబురు పరుగెత్తడం నిజం. మన జగదీశ్ చంద్రబోస్ అత్తిపత్తి మీద పని చేసి మొక్కల్లో విద్యుత్ సంకేతాలుంటాయని వందేళ్ల కిందే చూపించారు, అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. 2018లో గొంగళిపురుగు ఆకు కొరికిన చోట నుంచి కాల్షియం అల ఒకటి రెండు నిమిషాల్లో దూరంగా ఉన్న ఆకులకు పాకడం కెమెరాలో కళ్లకు కనబడేలా పట్టారు. అదే ఏడాది జపాన్ వాళ్లు ఇంకోటి చూపించారు, ఎండిన వేరు నుంచి ఒక చిన్న పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీన్ ముక్క, ఆకుకు చేరి, అక్కడ ఆబ్సిసిక్ ఆమ్లం తయారు చేయిస్తుంది. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబులో ఒక ముక్క అదన్నమాట.

బత్తాయి_తోట | సెప్టెంబర్ 11, ఉదయం 7:15

అయితే వేరు సగం ఎండి సగం తడిగా ఉంటే ఏ కబురు పోతుంది?

వేరులోతు | సెప్టెంబర్ 11, ఉదయం 11:50

రెండూ పోతాయి. ఒక మొక్క వేర్లను రెండు కుండీల్లోకి విడదీసి, ఒక కుండీకే నీళ్లు పోసి చూశారు. తడి వైపు నుంచి ఆకుకు సరిపడా నీరు అందుతున్నా, ఎండిన వైపు నుంచి వచ్చిన కబురుకే పత్రరంధ్రాలు కొంత మూసుకున్నాయి. అంటే మొక్క ఎండిపోయేదాకా ఆగదు, ముందే జాగ్రత్తపడుతుంది. దీన్ని ఆధారం చేసుకుని ఆస్ట్రేలియాలో ద్రాక్ష తోటల్లో ఒకసారి ఒక వైపు, మరోసారి రెండో వైపు తడి ఇచ్చి నీళ్లు ఆదా చేశారు.

పాత_ఏఈఓ | సెప్టెంబర్ 11, మధ్యాహ్నం 12:30

మనం పత్తిలో సాలు విడిచి సాలు తడి ఇవ్వమనేది అదే. చండూరు తమ్ముడికి కూడా ఇది చెప్పాలనుకున్నాను. బోరు సౌకర్యం ఉంటే ఇరవై రెండు రోజులు పూర్తిగా ఎండనివ్వకుండా మధ్యలో సాలు విడిచి సాలు ఒక పల్చటి తడి ఇచ్చి ఉంటే మొక్క అంత దూప మీద ఉండేది కాదు, వాన పడ్డాక దెబ్బ కూడా తగ్గేది. నీళ్లు లేని చోట బెట్టలో పొటాషియం నైట్రేట్ లీటరుకు 10 గ్రాములు పిచికారీ చేసుకోవచ్చు. రేగడిలో మాత్రం వచ్చే ఏడు బోదెలు తోలి వాటి మీద విత్తు, ఎంత వాన పడినా మొదట్లో నీళ్లు నిలబడవు.

చండూరు_రేగడి | సెప్టెంబర్ 14, సాయంత్రం 6:20

ఆలస్యానికి ఏమనుకోకండి, మూడు రోజులు పొలంలోనే ఉన్నాను. ఈ రోజు పొద్దున ఐదున్నరకు, ఎండ రాకముందే పోయి మళ్లీ లెక్కపెట్టాను. తవ్వి తీసిన మొక్క పోను 63 మొక్కల్లో 41 లేచాయి, ఆకు నిటారుగా ఉంది. వాటిలో కొన్నిటికి పూత, చిన్న పిందెలు రాలిపోయాయి, పెద్ద కాయలు నిలబడ్డాయి. 22 మొక్కలు ఎండిపోయాయి, అన్నీ కింది మడిలో నీళ్లు చివరిదాకా ఉన్న చోటివే. కొత్తగా వాడిన మొక్క ఒక్కటీ లేదు. ఆ మూడు డబ్బాలు మూత తీయకుండానే షాపులో తిరిగి ఇచ్చేశాను, కొంచెం మాట్లాడాల్సి వచ్చింది కానీ డబ్బులిచ్చారు.

బోదెలు తోలే నాగలి మా దగ్గర లేదు. చండూరు, మునుగోడు చుట్టుపక్కల కిరాయికి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఎండాకాలం దుక్కులప్పుడే మాట్లాడి పెట్టుకుంటాను.

గొర్లకాపరి_దేవరకొండ | సెప్టెంబర్ 14, రాత్రి 7:45

అన్నా, మా మేనమామ దగ్గర ట్రాక్టర్‌తో పాటు బోదె నాగలి ఉంది, నాంపల్లి దాకా వస్తాడు. మెసేజ్ పెట్టు, మాట్లాడిస్తాను.